కాలువగట్టు మీది దురదగొండి

ఆమెను వీధిలో అందరూ దురదమ్మ అనేవారు. వెక్కిరింతేమీ లేదు, చేసే పనిని బట్టి వచ్చిన పేరు అది. ఆమె కూడా ఆ పేరుకే పలికేది. చలి తగ్గి నేల మెత్తబడే రోజుల్లో ఊరి చివర గట్ల మీద, పాడుబడ్డ గోడల పక్కన దురదగొండి చిగురిస్తుంది. పొరపాటున మోచెయ్యి తగిలితే చాలు, నిప్పు రాసినట్టు మండి దద్దుర్లు లేస్తాయి. అందరూ దాన్ని చూసి తప్పుకునేవాళ్ళే. ఆమె మాత్రం వెతుక్కుంటూ పోయేది. లేత ఆకు కోసి, నీడలో ఎండబెట్టి, కీళ్ళ నొప్పులకు కషాయం కాచుకునేవాళ్ళ కోసం మూలికల కొట్టుకు ఇచ్చేది. ఎండిన ఆకుకు ఆ మంట ఉండదు.

అంతకుముందు ఆమె పద్నాలుగేళ్ళు బట్టలుతికే కంపెనీలో ఇస్త్రీ చేసింది. కంపెనీ మూతబడ్డాక రెండు నెలలు ఇంట్లో కూర్చుంది. మూడో నెల అత్తగారు గుడ్డసంచి ఒకటి తెచ్చి ఒళ్ళో పడేసింది.

"ఇద్దరం ఇలా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటే ముందు ఎవరికి పిచ్చెక్కుతుందో తెలీదు. లే, నాతో రా."

అలా మొదలైంది. అత్తగారు అప్పటికి నడవగలిగేది. పూత రాకముందే కోయాలని, కొసన ఉన్న నాలుగైదు ఆకులకే కత్తెర పెట్టాలని, ప్లాస్టిక్ సంచిలో వేస్తే చెమటపట్టి నల్లబడుతుందని, ఎండలో పెడితే గడ్డిలా రంగు పోతుందని ఒక్కొక్కటే నేర్పింది. చేతులకు మందపాటి తొడుగులు వేసుకోమనేది, తను మాత్రం వట్టి చేతులతో కోసేది. మొగుడికి ఇంటి ముందుగదిలోనే తాళాలు బాగుచేసే కొట్టు. అతను చెక్కలు కొట్టి, దోమతెర బిగించి, పైగదిలో ఆకు పరుచుకోవడానికి ఎనిమిది చట్రాలు చేసిపెట్టాడు. రెండు వైపులా కిటికీలు తీసిపెడితే గాలి ఆడేది. రోజుకు రెండుసార్లు ఆకు తిరగెయ్యాలి. నాలుగైదు రోజులకు కాడ పుటుక్కున విరిగితే ఎండినట్టు. అప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుని, జల్లెడ మీద రుద్ది, డబ్బాలకెత్తాలి.

తొమ్మిదేళ్ళుగా మూలికల కొట్టాయన ఆమె ఆకుకు ఒక్కసారి కూడా వంక పెట్టలేదు. డబ్బా మూత తీసి వాసన చూసేవాడు, తలాడించేవాడు, అంతే. ఆయన మాట్లాడే మనిషి కాదు. ఆ తలాడింపుకే ఆమె ఇంటికి తేలికగా నడిచి వచ్చేది.

ఆ ఏడు వానలు ముందే వచ్చేలా ఉన్నాయి. ఆకు తడిస్తే ఆరబెట్టడం కష్టం. కొట్టాయన ఈసారి రెట్టింపు కావాలన్నాడు. ఆమె మామూలుగా కోసే చోట్లన్నీ తిరిగి, చాలక, ఒక మంగళవారం పొద్దున పది దాటాక కాలువగట్టుకు వెళ్ళింది. కింది వైపు నుంచి ఎక్కింది. గట్టు పొడుగునా మోకాలెత్తు దురదగొండి, ఒక్క పూత లేదు. ఆకు నిగనిగలాడుతోంది. వంగి కోస్తుంటే ముక్కుకు ఏదో ఘాటుగా తగిలింది. రంగులు కలిపే నూనె వాసన లాంటిది. కాలువ అవతల బల్లలకు పాలిష్ పట్టే షెడ్డు ఉంది. అక్కడి నుంచే అనుకుంది. ఆకాశం మబ్బు పట్టి ఉంది. త్వరత్వరగా మూడు సంచులు నింపుకుని ఇంటికి వచ్చి, పైగదిలో అంతకుముందు కోసిన ఆకుతో కలిపి చట్రాల మీద పరిచింది.

ఎండిన ఆకులో మొదటి పిడికెడు ఎప్పుడూ అత్తగారిదే. మోకాళ్ళకు రోజూ పొద్దున ఒక గ్లాసు కషాయం తాగేది. ఆదివారం తాగింది, సోమవారం తాగింది. సోమవారం సాయంత్రం ఆమె రెండు డబ్బాలు కొట్టుకు ఇచ్చి వచ్చింది. మంగళవారం పొద్దున, కోసిన చోట మళ్ళీ చిగురు వేసిందేమో చూద్దామని కాలువగట్టుకు పోయింది.

గట్టంతా పసుపురంగుకు తిరిగింది. కాడలు ఎవరో మెలిపెట్టినట్టు ఒంకర్లు పోయి నేలకు వాలి ఉన్నాయి. దురదగొండి ఒక్కటే కాదు, గడ్డి, ముళ్ళపొదలు, పాకే తీగలు, అన్నీ. కాలువకు అవతలి గట్టు మాత్రం పచ్చగా ఉంది.

ఆమె ఒక కొమ్మ తెంపి చూసింది. ఆకు అంచులు మాడి ముడుచుకుపోయాయి. ఇది ఎండ పని కాదు, పురుగు పని కాదు. మందు కొట్టారు. ఎప్పుడు కొట్టారన్నదే ఇప్పుడు తేలాలి. తను కోశాక కొట్టి ఉంటే బతికిపోయినట్టే. ముందు కొట్టి ఉంటే?

గట్టు మీద వంతెన వైపు గబగబా నడిచింది. వంతెన దగ్గర కర్రకు కట్టిన ఎర్రగుడ్డ ఒకటి వాలిపోయి ఉంది. దాని పక్కనే కాలువ పనివాళ్ళ షెడ్డు. లోపల ఒక కుర్రాయన రబ్బరు బూట్లు కడుక్కుంటున్నాడు. పక్కన వీపుకు తగిలించుకునే పంపు డబ్బా.

"తమ్ముడూ, ఈ గట్టు మీద మందు కొట్టింది నువ్వేనా?"

"నేనే అక్కా. ఏం?"

"ఎప్పుడు కొట్టావు?"

"పోయిన వారం."

"పోయిన వారం ఎప్పుడు?"

ఆమె గొంతు విని అతను బూటు కింద పెట్టాడు. "మంగళవారం. పొద్దున్నే మొదలుపెట్టా. తొమ్మిదింటికల్లా అయిపోయింది."

ఆమె లెక్కేసుకుంది. ఒక గంట. తను గట్టెక్కేసరికి మందు ఇంకా సరిగా ఆరి కూడా ఉండదు. ఆ నిగనిగ అందుకే.

"అక్కా, ఏమైంది? నీ మేకలేమన్నా మేశాయా?"

"మేకలు కాదు. మనుషులు." ఆమె జరిగింది చెప్పింది. అతను బయట వాలిన ఎర్రగుడ్డ వైపు చూశాడు.

"ఎర్రజెండాలు రెండు వైపులా పాతాలి. షెడ్డులో ఒక్కటే ఉంది. వంతెన వైపు పాతా. కింది వైపు నుంచి ఎవరొస్తారులే అనుకున్నా."

"తింటే ఏమవుతుంది?"

"తినకూడదని డబ్బా మీద రాసుంది. అంతకు మించి నాకు తెలీదక్కా." అతను ఖాళీ డబ్బా మీది కాగితం జాగ్రత్తగా ఒలిచి ఆమె చేతికిచ్చాడు. "డాక్టరుకు చూపించు. నా పేరు మాత్రం ఎక్కడా చెప్పకు. కొత్తగా చేరా."

"నీ పేరు నాకెక్కడ తెలుసు," అంది ఆమె.

ఇంటికి వచ్చేసరికి మొగుడు కొట్లో తాళం ఒకటి విప్పి, లోపలి ముక్కలు గుడ్డ మీద పరుచుకుని కూర్చున్నాడు. ఆమె నిలబడే అంతా చెప్పింది. అతను తలెత్తలేదు.

"ఎండిపోయాక అందులో ఏముంటుంది?"

"ఏముంటుందో తెలీదు. అదే కదా నా బాధ."

"తెలీనప్పుడు ఊళ్ళో చాటుకోవడం ఎందుకు? వేరే ఆకుతో కలిసింది కదా. ఎవరికి ఎంత వెళ్తుంది? ఒక్కసారి నోరు విప్పావంటే ఇక జన్మలో నీ ఆకు ఎవరూ ముట్టుకోరు. ఆలోచించుకో."

ఆమె ఆలోచించకపోలేదు. దారి పొడుగునా అదే ఆలోచించింది. మిగిలిన ఆకు పారబోసి, కొట్లో డబ్బాలు ఏదో వంక చెప్పి వెనక్కి తెచ్చుకుంటే సరిపోతుందేమో అని కూడా అనుకుంది. పురుగు పట్టిందని చెప్పొచ్చు. ఆ మాట పెదవుల దాకా వచ్చి ఉంది.

లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఏమే, ఇలా రా."

వెళ్ళింది. ముసలావిడ మంచం మీద లేచి కూర్చుని ఉంది. పక్కన ఖాళీ గ్లాసు, అడుగున పచ్చని నలుసులు.

"మూడు రోజులుగా తాగుతున్నా. ఇవాళ కూడా తాగా. ఇప్పటికైతే బాగానే ఉన్నా."

"అత్తయ్యా, ముందు నిన్ను డాక్టరు దగ్గరికి..."

"నా సంగతి తరవాత. ఎనభై దాటినదాన్ని. కొట్లో కొనేవాళ్ళలో బాలింతలుంటారు, జబ్బు మనుషులుంటారు. ముందు అక్కడికి పో." తర్వాత గొంతు పెంచింది. "ఒరే, విన్నావా? బండి తియ్యి."

ముందుగదిలో తాళం ముక్కలు గలగలమన్నాయి. తర్వాత షట్టరు దించిన చప్పుడైంది. మొగుడు ముఖం గంటు పెట్టుకునే స్కూటరు బయటికి తీశాడు.

మూలికల కొట్టాయన త్రాసు ముందు నిలబడి ఏదో వేరు తూస్తున్నాడు. పురుగు పట్టిందన్న అబద్ధం ఆమె నోట్లో ఇంకా అలాగే ఉంది. ఆయన కళ్ళెత్తి చూశాడు. ఆమె కాగితం బల్ల మీద పెట్టింది.

"అన్నయ్యగారూ, నిన్న నేనిచ్చిన ఆకు ఎవరికీ అమ్మకండి. అందులో కలుపుమందు కొట్టిన ఆకు కలిసింది."

ఆయన కళ్ళజోడు సర్దుకుని కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ఆ చదివినంతసేపూ ఆమెకు గోడగడియారం టిక్కుటిక్కుమనడం వినిపిస్తూనే ఉంది.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఈ పొద్దున."

ఆయన అరలోంచి పొట్లాలన్నీ తీసి గోనెసంచిలో వేశాడు. డబ్బాల్లో మిగిలింది కూడా అందులోనే గుమ్మరించి మూతి కట్టాడు. తర్వాత వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. పొద్దుటి నుంచి అమ్మినవి నాలుగు. ఒకటి పక్కవీధి దర్జీకి, రెండు రిటైరైన పంతులుగారింటికి. ఆ రెండిళ్ళకూ ఆయన భార్య చెప్పులు వేసుకుని అప్పుడే బయల్దేరింది.

"నాలుగోది?"

"అది కొన్నావిడ ఎవరో తెలీదు. ఈ ఊరి మనిషి కాదు. చేతిలో నీలం గొడుగు. వాళ్ళ నాన్నకు మోకాళ్ళట." ఆయన నుదురు రుద్దుకున్నాడు. "కొండవైపు బస్సు ఎన్నింటికని నన్నడిగింది. ఒకటిన్నరకని చెప్పా."

ఆయనా, ఆమె, వెనక నిలబడ్డ మొగుడూ గడియారం వైపు చూశారు. ఒంటిగంటా పది.

స్కూటరు బజారులో ఇరుక్కుంది. ఎవరో కూరగాయల బండి అడ్డంగా పెట్టి బేరమాడుతున్నాడు. మొగుడు హారను మోగించాడు, బతిమాలాడు, చివరికి దిగి బండిని తనే పక్కకు తోశాడు. అంతవరకూ వద్దన్నవాడు, ఇప్పుడు ఆమె కంటే అతనికే తొందరగా ఉంది. బస్టాండు మలుపు దగ్గర, "దిగు, నువ్వు పరిగెత్తు, నేను నిలబెట్టి వస్తా," అన్నాడు.

కొండవైపు బస్సు ఇంజను ఆన్‌లోనే ఉంది. ఆమె ఎక్కేసరికి ఊపిరి అందడం లేదు. లోపల నలభై మంది దాకా ఉన్నారు. కండక్టరు, "టికెట్టు ఎక్కడికమ్మా?" అన్నాడు.

"టికెట్టు కాదు బాబూ. ఒక్క నిమిషం." ఆమె సీట్ల మధ్య నిలబడింది. "ఈ పొద్దున మూలికల కొట్లో దురదగొండి ఆకు కొన్నవాళ్ళెవరైనా ఉన్నారా?"

ఎవరో వెనక సీట్లోంచి, "కొనడమెందుకు, మా పెరట్లో కావలసినంత ఉంది, కోసుకుపో," అన్నాడు. నలుగురు నవ్వారు. ఆమె నవ్వలేదు. ఐదో వరసలో కిటికీ పక్కన ఒకామె కాళ్ళ దగ్గర నీలం గొడుగు కనిపించింది.

"అమ్మా, మీరే కదా? మీ నాన్నగారి కోసం కొన్నారు కదా?"

ఆ కిటికీ పక్కనావిడ సంచీ ఒళ్ళోకి లాక్కుంది. "మీరెవరు? కొట్టాయన పంపాడా? డబ్బులిచ్చి కొనుక్కున్నా, దొంగతనం చెయ్యలేదు."

"అది వాడకూడదమ్మా. వెనక్కివ్వండి."

"ఎందుకివ్వాలి?"

ఇంజను హోరులో గొంతు పెంచక తప్పలేదు. బస్సంతా వినేలా చెప్పవలసి వచ్చింది. "ఆ ఆకు కోసింది నేను. మందు కొట్టిన గట్టు మీద చూసుకోకుండా కోశా. తప్పు నాది. కొట్టాయనది కాదు. మీ నాన్నగారికి అది పట్టకండి."

నవ్వులు ఆగిపోయాయి. నీలం గొడుగామె సంచీ అడుగు నుంచి పొట్లం తీసింది. పొట్లం విప్పి మళ్ళీ మడిచి ఉంది.

"సగం మా అక్కకిచ్చా," అందామె నెమ్మదిగా. "ఇక్కడే ఈ ఊళ్ళోనే ఉంటుంది. గంటన్నర అయింది."

"ఫోను చెయ్యండమ్మా. ఇప్పుడే."

గొడుగామె ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. డ్రైవరు వెనక్కి తిరిగి ఏంటని అడిగాడు. కండక్టరు చెయ్యెత్తి ఆగమన్నాడు. రెండోసారీ అంతే, మోగి ఆగిపోయింది. దురదమ్మ సీటు కమ్మీ పట్టుకుని నిలబడింది. మూడోసారి ఎవరో ఎత్తారు.

"అక్కా, ఆ ఆకు ఏం చేశావు?... ఎక్కడుంది?... తాగావా లేదా, అది చెప్పు." ఆమె వింటూ కళ్ళు మూసుకుంది. "పారబొయ్యి. తరవాత చెప్తా, ముందు పారబొయ్యి. గిన్నె కూడా కడిగెయ్యి."

ఫోను దించింది. "గ్లాసులో పోసి చల్లారబెట్టుకుందట," అంది.

బస్సులో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. దురదమ్మ పొట్లం తీసుకుని దిగింది. దిగాక గానీ ఏడుపు రాలేదు. మొగుడు పక్కన నిలబడి చేతిరుమాలు ఇచ్చాడు. దాని నిండా తాళాల నూనె.

దర్జీ, పంతులుగారి ఇళ్ళ నుంచి మూడు పొట్లాలూ విప్పకుండానే కొట్టుకు తిరిగొచ్చాయి. ఆ సాయంత్రం అత్తగారిని డాక్టరుకు చూపించారు. డాక్టరు కాగితం చదివి, రక్తపరీక్ష రాసి, కడుపులోకి వెళ్ళింది చాలా తక్కువే అయి ఉండొచ్చని, అయినా రెండు వారాలు కనిపెట్టి చూడమని చెప్పింది. మూడో రోజున ముసలావిడకు వాంతులు పట్టుకున్నాయి. ఆకు వల్లనో, వయసు వల్లనో, భయం వల్లనో డాక్టరు చెప్పలేకపోయింది. దురదమ్మ పగలంతా మంచం పక్కనే కూర్చుని గంటగంటకూ చెంచాతో నీళ్ళు పట్టింది.

"అలా గుడ్లప్పగించి చూడకు. నువ్వు చూస్తుంటే చావడానికి కూడా మొహమాటంగా ఉంది," అంది ముసలావిడ.

దురదమ్మ నవ్వబోయి నవ్వలేకపోయింది. "ఆ రోజు నాకు వాసన తగిలింది అత్తయ్యా. ఏదో ఘాటుగా. పాలిష్ షెడ్డుదని సర్దిచెప్పుకున్నా. మబ్బు పట్టింది, కొట్టాయన ఎక్కువ అడిగాడు. నిజానికి నాకు అనుమానం వచ్చింది. అయినా కోశా."

ముసలావిడ చెంచా పక్కకు తోసింది. "ఈ మాట కొట్టాయనతో చెప్పావా?"

"లేదు."

"మరి నాతో చెప్తే ఏం లాభం? నేను నీ ఆకు కొనేదాన్ని కాదుగా."

మర్నాడు ఆమె కొట్టుకు వెళ్ళి ఆ మాట కూడా చెప్పింది. కొట్టాయన విని, "ఇక ప్రస్తుతానికి వద్దమ్మా," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆమెకు కాస్త తేలిగ్గా ఉండేది.

అత్తగారు ఆరోరోజుకు గంజి తాగింది, పదోరోజుకు కోడలి మీద కేకలేసింది. రక్తపరీక్షలో ఏమీ తేలలేదు. పైగదిలోని ఆకంతా మూటలు కట్టి, సంగతి చెప్పి, చెత్త తీసుకెళ్ళే మునిసిపాలిటీవాళ్ళకు అప్పగించారు. మొగుడు చట్రాలకు పాత దోమతెర చింపేసి కొత్తది కొట్టాడు. ఎప్పటికి పనికొస్తాయో ఇద్దరికీ తెలియదు, అయినా కొట్టాడు.

ఊళ్ళో మాట పాకింది. పలకరించేవాళ్ళు తగ్గారు. ఆమె కాలువ ఆఫీసుకు వెళ్ళి, మందు కొట్టే ముందు రెండు వైపులా జెండాలు పాతమని అర్జీ ఇచ్చింది. అక్కడి అధికారి, "గట్టు మీద ఆకు కోయడానికి మీకు అనుమతి ఉందా?" అని అడిగాడు. లేదంది. అయితే ఏ నోటితో అడుగుతున్నారన్నాడు. ఆమె బయటికి కదల్లేదు. అర్జీ తీసుకున్నట్టు ముద్ర వేసి ఇచ్చేదాకా బల్ల ముందే నిలబడింది. జెండాలు పాతారో లేదో వెళ్ళి చూడడానికి చాలాకాలం మనసొప్పలేదు. ఒకరోజు బజార్లో మందు కొట్టే కుర్రాయనే ఎదురై, షెడ్డుకు ఆరు కొత్త జెండాలొచ్చాయని చెప్పి వెళ్ళాడు.

ఆ ఏడాది ఆమె ఓ హోటల్లో అంట్లు తోమింది. మళ్ళీ చలి తగ్గేసరికి మూతబడ్డ ఇటుకబట్టీ వెనక, నాలుగు గోడల మధ్య దురదగొండి మొలిచిందని ఎవరో చెప్పారు. ఆమె వెంటనే కోయలేదు. కాపలాదారును అడిగి ఒప్పించుకుంది. చుట్టుపక్కల పొలాలవాళ్ళను ఒక్కొక్కరినే కలిసి ఏ మందు ఎప్పుడు కొడతారో కనుక్కుంది. రెండు వారాలు రోజూ వెళ్ళి ఊరికే చూసి వచ్చింది. అప్పుడు కోసింది, ఒకే ఒక్క సంచి. దేనితోనూ కలపకుండా విడిగా ఎండబెట్టి, ఎక్కడ కోసిందో, ఏ రోజు కోసిందో చీటీ మీద రాసి సంచికి కట్టింది.

కొట్టాయన చీటీ చదివాడు. "బట్టీ పక్కన ఎవరి పొలం?" అన్నాడు. చెప్పింది. "వాన ఎప్పుడు పడింది?" చెప్పింది. "వాసన?"

"ఆకు వాసనే అన్నయ్యగారూ. ఇంకేం లేదు."

ఆయన వెనకగదిలోకి వెళ్ళాడు. పొయ్యి వెలిగించిన చప్పుడు, నీళ్ళు మరిగే చప్పుడు వినిపించాయి. కొట్లోకి ఇద్దరు ముగ్గురు వచ్చి, ఆమెను చూసి, కాస్త ఎడంగా నిలబడ్డారు. కాసేపటికి ఆయన పొగలు కక్కుతున్న గ్లాసుతో బయటికి వచ్చాడు. అందరి ఎదుటా బల్లకు ఆనుకుని, ఊదుకుంటూ, తొందరేమీ లేకుండా చివరి గుక్క దాకా తాగాడు. ఆమె తల దించుకుని నిలబడింది.

"సంచి త్రాసు మీద పెట్టమ్మా," అన్నాడాయన.